నవ్వండి, జీతం తర్వాత ఇస్తాం

తెలుగువాడి దుఃఖానికి ఇన్నేళ్లకు అసలు కారణం కనిపెట్టారు. అది అద్దె కాదు, అప్పు కాదు, రావలసిన డీఏ బకాయి కాదు, రాత్రి పదకొండింటికి మోగే ఆఫీసు ఫోను అంతకన్నా కాదు. కారణం మనమేనట. తెల్లవారుజామున ఐదింటికి లేవలేదు. అద్దం ముందు నిలబడి ‘నేను అద్భుతం, నేను అఖండం’ అనుకోలేదు. పడుకునే ముందు కృతజ్ఞతల డైరీ రాయలేదు. కావలసినవాటిని విశ్వాన్ని అడగాల్సిన పద్ధతిలో అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదు కదా, విశ్వం మాత్రం ఎందుకు పెడుతుంది?

ఈ సంగతి మనకు ఎక్కించడానికి ఊరూరా మనుషులు బయల్దేరారు. ఒకరు లైఫ్ కోచ్, ఒకరు మైండ్ ట్రైనర్, ఇంకొకరు హ్యాపీనెస్ మెంటర్. ఆదివారం పొద్దున ఏసీ హాల్లో సెషన్. మొదటి అరగంట మన బతుకు ఎంత అధ్వానంగా ఉందో చెబుతారు. రెండో అరగంట ఆ అధ్వానానికి మన ఆలోచనలే కారణమని తేలుస్తారు. మూడో అరగంట పక్క కుర్చీలో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకోమంటారు. ఆఖర్న అడ్వాన్స్‌డ్ లెవెల్ ఫీజు చెబుతారు. ఈ రోజే కడితే సగం తగ్గింపు. ఆ హాల్లో నూటికి నూరుపాళ్లు ఆనందంగా ఇంటికి వెళ్లే మనిషి ఒకడు తప్పకుండా ఉంటాడు. అతని చెవికి మైకు తగిలించి ఉంటుంది.

ఈ వ్యాపారానికి నష్టమన్నది లేదు. మీకు ఉద్యోగం వచ్చిందా, అది టెక్నిక్ మహిమ. రాలేదా, మీ నమ్మకంలో ఎక్కడో పుచ్చు ఉంది. మందు పనిచేయకపోతే రోగిని చీవాట్లు పెట్టే వైద్యం లోకంలో ఇదొక్కటే. పైగా ఆ చీవాట్లు తిన్నవాడే మళ్లీ వచ్చి లెవెల్ టూ కడతాడు.

విశ్వానికి అర్జీ పెట్టుకునే విద్య ఇందులో రారాజు. కావలసిన ఇంటి బొమ్మ గోడకు అంటించి, అందులో ఉంటున్నట్టే ఊహించుకోవాలి. విశ్వం సర్దుకుని వచ్చి ఇస్తుంది. తహసీల్దారు ఆఫీసును మనం నానా మాటలూ అంటాం గానీ, అక్కడ అర్జీ పెడితే రసీదు అయినా ఇస్తారు. విశ్వం దగ్గర రసీదు లేదు, గడువు లేదు, పై అధికారికి ఫిర్యాదు లేదు. పాస్‌బుక్కులో పేరు తప్పు పడి ఏళ్ల తరబడి తిరుగుతున్న రైతు ఎవరైనా ఉంటే, విజువలైజేషన్ చేసి చూడమనండి. సరైన పేరు కళ్ల ముందు మిలమిలలాడుతుంది. పట్టా మాత్రం పాత పేరు మీదే ఉంటుంది.

అమెరికాలో ఒక మహా ప్రేరకుడు, టోనీ రాబిన్స్, భయాన్ని జయించడానికి జనాన్ని నిప్పుల మీద నడిపిస్తాడు. 2016లో డాలస్‌లో అలా నడిచిన వాళ్లలో 30 మందికి పైగా కాళ్లు కాల్చుకున్నారు. మన పల్లెల్లో వీరభద్రుడి గుండం, పీర్ల గుండం తరతరాలుగా తొక్కుతున్నారు. తొక్కినవాడు మర్నాడు యథాప్రకారం పొలానికి పోయాడు. సర్టిఫికెట్ అడగలేదు, ‘ఫైర్‌వాకర్’ అని పేరు పక్కన రాసుకోలేదు.

ఇది కొత్త బేరమేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కూయే అని మందుల షాపు నడిపిన ఆయన ఉండేవాడు. మందు ఇస్తూ అది భేషుగ్గా పనిచేస్తుందని రెండు ముక్కలు చెబితే రోగులు త్వరగా తేరుకుంటున్నారని గమనించాడు. ఆ పైన మందు తీసేసి మాటను మాత్రం ఉంచాడు. తాను నానాటికీ మెరుగవుతున్నానని ప్రతివాడూ పొద్దున ఇరవై సార్లు, రాత్రి ఇరవై సార్లు అనుకోవాలి. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన తాడు చేతిలో పట్టుకోవాలి. 1920లలో యూరప్, అమెరికా ఆ తాడు పట్టుకుని ఊగాయి. నూట ఎనిమిది పూసల జపమాల ఉన్న దేశానికి ఆ ఇరవై ముడులే ఇప్పుడు యాప్ వేషం కట్టి నెలవారీ చందాతో దిగాయి. కూయే రోగుల దగ్గర ఫీజు పుచ్చుకునేవాడు కాదు. ఆ ఒక్క సంగతీ మనవాళ్లు దిగుమతి చేసుకోలేదు.

తర్వాత 1937లో నెపోలియన్ హిల్ ‘థింక్ అండ్ గ్రో రిచ్’ రాశాడు. ఆర్థిక మాంద్యంలో అమెరికా జనం పని లేక అల్లాడుతున్న కాలంలో, ధనం అనేది ఆలోచనలో పుడుతుందని చెప్పాడు. 2006లో ‘ది సీక్రెట్’ వచ్చి ఆలోచించడం కూడా కాస్త తగ్గించి, ఆకర్షిస్తే చాలంది. రెండూ తెలుగులో దొరుకుతాయి. కొన్నవాళ్లు ధనవంతులయ్యారో లేదో గానీ, అమ్మినవాళ్ల విషయంలో ఆ సూత్రం రుజువైంది.

అద్దం, తాడు, గోడ మీది బొమ్మ చాలక శాస్త్రం కూడా తెల్లకోటు వేసుకుని వచ్చింది. 2005లో ఇద్దరు పరిశోధకులు మనిషి వికసించడానికి ఒక నిష్పత్తి ప్రకటించారు. ప్రతి చేదు అనుభూతికీ 2.9013 తీపి అనుభూతులు ఉండాలట. ద్రవాల కదలికను లెక్కగట్టే సమీకరణాలు తెచ్చి మనసు మీద పోశారు. అంటే అత్తగారు ఒక మాట అంటే, కోడలు సాయంత్రంలోగా మూడు మెప్పులు సంపాదించాలి. మూడుకు కాస్త తక్కువైనా ఫరవాలేదు, దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా చూసుకుంటే చాలు. ఎనిమిదేళ్ల పాటు కోచ్‌లు ఆ అంకెను స్లైడుల మీద ఊరేగించారు. 2013లో నిక్ బ్రౌన్ అనే ఒక నడివయసు విద్యార్థి, భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్, హ్యారిస్ ఫ్రీడ్‌మన్ కలిసి ఆ లెక్కలో పస లేదని తేల్చారు. పత్రిక ఆ గణిత భాగాన్ని ఉపసంహరించుకుంది. ఆ నిష్పత్తి ప్రకారం ఆనందించినవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చినట్టు వినలేదు.

అద్దం ముందు జపం సంగతీ అంతే. 2009లో కెనడాలో జోఆన్ వుడ్, ఆమె సహచరులు చిన్న పరీక్ష పెట్టారు. తాను ప్రేమకు తగిన మనిషినని పదేపదే అనుకోమన్నారు. ఆత్మవిశ్వాసం దండిగా ఉన్నవాళ్లకు కాస్త మేలు జరిగింది. అది లేనివాళ్లకు, అంటే ఈ జపం ఎవరికోసమైతే అమ్ముతున్నారో వాళ్లకు, ఉన్న మనసు కూడా పాడైంది. నోరు ‘నువ్వు గొప్ప’ అంటుంటే లోపలి గొంతు ‘ఎవరు చెప్పారు?’ అని అడుగుతుంది మరి. ఇల్లు గడిచేవాడికి పండగ, గడవనివాడికి దండగ.

ఇక ఈ ఆనంద శాస్త్రం పుట్టుకలోనే ఉన్న గమ్మత్తు చూడండి. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కలకు కరెంటు షాకులు ఇచ్చారు. కొన్ని కుక్కలు తలతో ఒక పలక నొక్కితే షాకు ఆగేది. మరికొన్నింటికి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత అన్నింటినీ ఒక పెట్టెలో వదిలారు. చిన్న అడ్డు దూకితే తప్పించుకోవచ్చు. మొదటి రకం కుక్కలు దూకాయి. రెండో రకంలో చాలా కుక్కలు దూకకుండా అక్కడే పడుకుని మూలిగాయి.

దీన్ని చూసిన మామూలు మనిషికి ఏమనిపిస్తుంది? షాకు ఆపండిరా బాబూ అనిపిస్తుంది. కనీసం దాని చేతికీ ఒక పలక ఇవ్వండి అనిపిస్తుంది. ఆనంద పరిశ్రమకు తట్టింది వేరు. షాకు అలాగే ఉండనిద్దాం, కుక్కకు ఆశావాదం నేర్పుదాం. సెలిగ్‌మన్ 1998లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం అధ్యక్షుడై పాజిటివ్ సైకాలజీకి జెండా ఎత్తాడు. 2009లో అమెరికా సైన్యం ఆయన బృందంతో కలిసి పది లక్షల మందికి పైగా సైనికులకు మానసిక దృఢత్వం నేర్పే పథకం మొదలుపెట్టింది. ఇరాక్‌కూ అఫ్ఘానిస్తాన్‌కూ మళ్లీ మళ్లీ వెళ్లి మనసు చెదిరిన కుర్రాళ్లకు మందేమిటయ్యా అంటే, యుద్ధం ఆపడం కాదు, యుద్ధంలో మంచిని చూడటం.

ఈ కథకు అసలు ముగింపు కోచ్‌లు చెప్పరు. 2016లో అదే సెలిగ్‌మన్, అదే మేయర్ తమ పాత సిద్ధాంతాన్ని, అంటే ఆ కుక్కలు నిస్సహాయతను నేర్చుకున్నాయన్న మాటను, తిరగేశారు. దెబ్బలు ఎడతెగకుండా పడితే ఏ జీవి అయినా సహజంగానే చతికిలబడుతుంది, అది ప్రత్యేకంగా నేర్చుకునే గుణం కాదన్నారు. నేర్చుకునేది ఇంకొకటి: దెబ్బను ఆపే పట్టు తన చేతిలో ఉందన్న సంగతి. యాభై ఏళ్ల పరిశోధన తర్వాత తేలింది ఇది. మన ఊళ్లో ఏ యూనియన్ నాయకుడిని అడిగినా టీ తాగేలోపు చెప్పి ఉండేవాడు.

ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి వైపు రండి. అక్కడ పలక ఎవరి చేతిలో ఉందో చూద్దాం. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో ఎంతసేపని భార్య ముఖం చూస్తూ కూర్చుంటారని అడిగారు. 90 గంటలంటే ఆదివారంతో కలిపి రోజుకు దాదాపు 13. నిద్రకు ఏడు, ఐకియా జంక్షన్ ట్రాఫిక్‌కు రెండు తీసేస్తే చేతిలో మిగిలేది రెండు గంటలు. స్నానం, తిండి, పిల్లాడి హోంవర్కు, అమ్మకు ఫోను, వీటన్నింటితో పాటు మైండ్‌ఫుల్‌నెస్ కూడా అందులోనే ఇమడాలి. ప్రభుత్వాలు మాత్రం ఊరుకుంటాయా? 2025లో ఆంధ్రప్రదేశ్ రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి తలుపు తెరిచింది. వారానికి 48 గంటల పరిమితి కాగితం మీద భద్రంగా ఉంది. కాగితం మీద ఉన్నవి ఎప్పుడూ భద్రంగానే ఉంటాయి.

అటు గంటలు పెంచిన చేతులే ఇటు హెచ్‌ఆర్ ద్వారా వెల్‌నెస్ మెయిల్ పంపుతాయి: ‘ఒత్తిడిని జయించడం ఎలా? శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వెబినార్. హాజరు తప్పనిసరి.’ అంటే అన్నం తినే వేళ. ఆకలితో ఊపిరి మీద ధ్యాస బాగా నిలుస్తుందని కాబోలు. కెమెరా ఆన్‌లో ఉంచాలి, ముఖంలో ప్రశాంతత కనిపించాలి. కనిపించనివాడి పేరు అప్రైజల్‌లో ‘యాటిట్యూడ్’ అనే గడిలోకి పోతుంది.

ఇంత తంతు జరిగాక ఫలితం ఉండాలి కదా. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ పరిశీలించి 2024లో ప్రచురించాడు. రెసిలియెన్స్ శిక్షణ, మైండ్‌ఫుల్‌నెస్, నిద్ర యాప్‌లు, ఇలాంటివాటిలో పాల్గొన్నవాళ్లకు పాల్గొననివాళ్ల కన్నా ఒరిగిందేమీ కనిపించలేదు. కాస్త తేడా కనిపించింది స్వచ్ఛంద సేవ చేసే అవకాశం దొరికినవాళ్లలో. అంటే తన మనసును తవ్వుకోవడం మానేసి, ఇంకొకరికి పనికొచ్చినవాళ్లలో. సంస్థలు మార్చాల్సింది మనుషుల మనసుల్ని కాదు, పని పద్ధతుల్ని, వేళల్ని, జీతాల్ని అని ఆ పరిశీలన సారం. ఈ స్లైడు ఏ వెబినార్‌లోనూ చూపించరు.

కంపెనీల కన్నా ప్రభుత్వాలు ఇంకా దర్జాగా ఆనందించాయి. 2016లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారి ఆనంద శాఖ పెట్టింది. మరుసటి ఏడాది జూన్‌లో అదే రాష్ట్రంలోని మంద్‌సౌర్‌లో గిట్టుబాటు ధర అడిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. ఆనందం ఒక శాఖ, తుపాకీ ఇంకో శాఖ. ఫైలు మధ్యలో ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. మనం మాత్రం తక్కువ తిన్నామా? 2018 ఏప్రిల్‌లో అమరావతిలో ఆనంద నగరాల సదస్సు పెట్టుకున్నాం. దేశవిదేశాల నిపుణులు వచ్చి నగరానికి నవ్వు ఎలా పుట్టించాలో చెప్పి వెళ్లారు. మరుసటి ఏడాది డిసెంబరులో, ఆ రాజధానికి 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన రైతులు రాజధానిని తరలించొద్దని శిబిరాల్లో కూర్చున్నారు. నాలుగేళ్లు దాటేదాకా లేవలేదు. వాళ్లకు కృతజ్ఞతల డైరీ ఇచ్చి ఉంటే ఏం రాసేవారో!

ఐక్యరాజ్యసమితి ఆనంద దినమంటూ మార్చి 20ని ప్రకటించింది. అప్పుడే వచ్చే ప్రపంచ ఆనంద నివేదికలో 2025లో మన దేశానిది 147 దేశాల్లో 118వ స్థానం. మొదటి స్థానం వరసగా ఎనిమిదో ఏడూ ఫిన్లాండ్‌ది. దేశానికీ దేశానికీ తేడా ఎందుకొస్తుందో ఆ నివేదికే ఆరు అంశాలతో వివరిస్తుంది: తలసరి ఆదాయం, కష్టానికి ఆదుకునే మనుషులు, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, తన బతుకు తాను ఎంచుకునే స్వేచ్ఛ, దాతృత్వం, అవినీతి లేకపోవడం. ఇందులో అద్దం లేదు, అఫర్మేషన్ లేదు, తెల్లవారుజాము ఐదు గంటలు లేవు. మన కోచ్‌లు ఫిన్లాండ్ పేరు చెప్పి ఈ ఆరింటినీ దాటేసి, ఏడోదిగా తమ కోర్సు పెడతారు.

అన్నింటికన్నా దారుణం ఆసుపత్రి మంచాల దగ్గర జరుగుతుంది. క్యాన్సర్ వచ్చిన మనిషిని చూడటానికి బత్తాయిలు పట్టుకుని వచ్చిన ప్రతి చుట్టమూ ‘పాజిటివ్‌గా ఉండు, సగం రోగం పోతుంది’ అని చెప్పి పోతాడు. ఆ మనిషికి కీమో ఒక బాధ, చూడవచ్చినవాళ్ల కోసం నవ్వు పూసుకోవడం రెండో బాధ. 2007లో వెయ్యి మందికి పైగా తల, మెడ క్యాన్సర్ రోగుల మీద జేమ్స్ కోయిన్ బృందం చేసిన పరిశీలనలో, మనసు ఉల్లాసంగా ఉండటానికీ ఎక్కువ కాలం బతకడానికీ సంబంధం కనిపించలేదు. అమెరికన్ రచయిత్రి బార్బరా ఎరన్‌రైక్ తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు నవ్వమని వేధించిన లోకం మీద కడుపుమండి 2009లో ఒక పుస్తకమే రాసింది. ఆలోచనతో రోగం పోతుందనే మాటకు వెనుక వైపు కూడా ఉంది: పోకపోతే తప్పు రోగిదే. చచ్చినవాళ్ల మీద కూడా నేరం మోపే తత్వానికి ఆనందమని పేరు పెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

మనసుకు వైద్యమే లేదని నేను అనను. కుంగుబాటుకు మందులున్నాయి, ఆలోచనల చిక్కుముడి విప్పే చికిత్సలు ఉన్నాయి, శిక్షణ పొందిన మనిషి పక్కన కూర్చుని చేయిస్తే అవి పనిచేస్తాయి. కాసేపు నడిచినా, మూడు మంచి సంగతులు రాసుకున్నా కొందరికి హాయిగా ఉండవచ్చు, రాసుకోండి. కానీ మన దేశంలో లక్ష మంది జనానికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఆ ఖాళీ కుర్చీలో మైకు పెట్టుకుని కూర్చున్నవాడి మీదే నా ఫిర్యాదు. నిజంగా కుంగిపోయినవాళ్లు వాడి హాలుకు వెళ్లకండి. 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్, డబ్బు అడగదు.

ఇక, దుఃఖం నిజంగా తగ్గిన సందర్భాలు మన దగ్గర లేకపోలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చాయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయి పేపరు తిరిగి చూస్తే 99 మార్కులు. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు కూడా పెద్దలు పిల్లలకు మనోధైర్యం గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. ఏ మనోధైర్యం సున్నాను 99 చేసింది? తల్లిదండ్రులు బోర్డు ఆఫీసు ముందు బైఠాయిస్తే, తప్పిన 3 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు ఉచితంగా తిరిగి చూశారు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ అక్కలు రూ.11,500 వేతనం చాలదని సమ్మెకు దిగారు. ఎస్మా ప్రయోగించినా కదలకుండా 42 రోజులు కూర్చున్నారు. ఆ కూర్చోవడమే నాకు తెలిసిన గట్టి ధ్యానం. కళ్లు తెరుచుకుని, పక్కవాళ్ల చేయి పట్టుకుని చేసింది.

కాబట్టి కసరత్తులు ఉండాల్సిందే, చేసేవాళ్లు మారాలి. యజమానులకూ పాలకులకూ నాలుగు అభ్యాసాలు ఉచితంగా ఇస్తున్నాను. మొదటిది: కళ్లు మూసుకోండి. ఒకటో తారీఖున ఔట్‌సోర్సింగ్ సిబ్బందితో సహా అందరి ఖాతాల్లో జీతం పడినట్టు ఊహించుకోండి. కళ్లు తెరిచి, వేయండి. రెండోది: ఊపిరి నిండా పీల్చుకోండి. వదులుతూ సెలవు చీటీ మీద సంతకం పెట్టండి. మూడోది: నిన్న రాత్రి మీ కోసం ఆగిపోయిన ముగ్గురి పేర్లు కృతజ్ఞతతో డైరీలో రాసుకోండి. ఓవర్‌టైంకు రెట్టింపు వేతనమని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు కనుక, ఆ పేర్ల పక్కన అంకె కూడా వేయండి. నాలుగోది: రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేయాలనిపించినప్పుడు ఆ ఆలోచనను గమనించండి, తీర్పు చెప్పకండి, మేఘంలా పోనివ్వండి. ఇరవై ఒక్క రోజుల్లో మీ సిబ్బంది ముఖాల్లో వెలుగు రాకపోతే అప్పుడు మాకు వెబినార్ పెట్టండి.

చదివే మీకు ఒక్క మాట. ఈసారి సెషన్ చివర ట్రైనర్ గారు ప్రశ్నలుంటే అడగమంటారు. అడగండి. జీతం ఎప్పుడు పెరుగుతుంది, ఖాళీ పోస్టులు ఎప్పుడు నింపుతారు, ఆదివారం ఎవరిది అని అడగండి. జవాబుకు బదులు ఊపిరి గట్టిగా పీల్చుకోమంటే పీల్చుకోండి, తప్పులేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా అడగడానికి ఆ ఊపిరి పనికొస్తుంది.